శోకానికి ఇద్దరు

ఆ శుక్రవారం పొద్దున్న దయాకుమారి ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆస్పత్రికి వెళ్ళక్కర్లేని రోజు కాబట్టి ఇల్లంతా తీరిగ్గా ఉంది. లోపలి గదిలో కూతురు తల దువ్వుకుంటూ పాడుకుంటోంది. హాల్లో అత్తగారు రాహేలమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి గ్లాసు కింద పడిన చప్పుడైంది. దయ వెళ్ళి చూసేసరికి కార్పెట్టు మీద కాఫీ ఇంకిపోతోంది, అత్తగారు మాత్రం దాని వంకైనా చూడకుండా గోడకేసి చూస్తోంది. ఆ గోడకి అవతలే పాట.

"ఒలే గుంటా, ఆ పాట ఆపు" అంది రాహేలమ్మ.

ఆవిడ మామూలుగా మాట్లాడితేనే పై అంతస్తు మలయాళీల ఇంట్లో పసిపిల్లాడు ఉలిక్కిపడి లేస్తాడు. అటువంటి మనిషి గొంతు ఆవేళ గొణుగుడులోకి దిగిపోయింది. దయకి అదోలా అనిపించింది. పిల్ల దువ్వెన పట్టుకునే వచ్చి, ఇది జోలపాటనీ, మెర్ల్ ఆంటీ వాళ్ళ దేశంలో పిల్లల్ని దీంతోనే నిద్రపుచ్చుతారనీ చెప్పింది. రాహేలమ్మ తల అడ్డంగా ఊపి, ఇది జోల కాదు, ఇంటి కప్పు కింద పాడకూడనిది అని మాత్రం అంది. మరి ఏమిటంటే చెప్పలేదు.

వీళ్ళది భీమిలి దగ్గర పల్లె. దయ నర్సు ఉద్యోగం మీద అబుదాబి వచ్చింది. భర్త జకరయ్యకి సముద్రం మధ్య చమురు బావి మీద పని, నెలల తరబడి అక్కడే ఉంటాడు. కూతురు బళ్ళో కృపాకుమారి, ఇంట్లో బంగారి. మామగారు పోయాక అత్తగారిని కూడా ఇక్కడికే తెచ్చుకున్నారు. ముసలావిడకి అరబ్బీ రాదు, హిందీ రాదు, అయినా కింద బకాలా కొట్టువాడితో బేరమాడి గెలిచి వస్తుంది. ఇక మెర్ల్ అంటే దయతో పాటు ఆస్పత్రిలో పనిచేసే నర్సు. వెస్టిండీస్‌లో ఒక చిన్న దీవి ఆవిడది. ఆ దీవి పేరు ఈ ఇంట్లో ఎవరికీ నోరు తిరక్క వెస్టిండీస్ అనే అనేవారు. జకరయ్యకైతే వెస్టిండీస్ అంటే ఫాస్టు బౌలర్లే. మెర్ల్ వచ్చినప్పుడల్లా వాళ్ళు ఆవిడ పినతల్లి కొడుకులన్నట్టు క్షేమసమాచారాలు అడిగేవాడు.

మెర్ల్ ముఖం చూస్తే మన పక్క వీధి మనిషే అనిపిస్తుంది. నోరు తెరిస్తే ఇంగ్లీషు తప్ప ముక్క రాదు. ఎప్పుడో వాళ్ళ పూర్వీకుల్ని చెరకు తోటల్లోకి కూలీలుగా ఓడల్లో తీసుకుపోయారట. మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు దయ కూతుర్ని "బంగారీ" అని పిలిస్తే ఆవిడ పగలబడి నవ్వింది. వాళ్ళ కుటుంబంలో బంగారి అంటే నాయనమ్మ అట. ఎవరి నాయనమ్మనైనా బంగారి అనే పిలుస్తారట. పదహారేళ్ళ పిల్లని పట్టుకుని నాయనమ్మా అంటారేమిటని ఆవిడ నవ్వు. దయ కూడా నవ్వింది. పాట సంగతి అలా మొదలైంది.

మెర్ల్ తమ్ముడు వాళ్ళ ప్రభుత్వంలోనే ఉద్యోగి. చెరకు ధర పడిపోయి ఏం చెయ్యాలో తోచని రోజుల్లో అక్కడెవరో మంత్రి, మన దగ్గర పాటలకి కరువు లేదు కదా, వాటినే పండించి అమ్ముదాం అన్నాడట. దాంతో సంగీతానికి ఒక బోర్డు పెట్టారు. రికార్డులు అచ్చువేసే మిషన్లు తెప్పించారు, వాయిద్యగాళ్ళకి జీతాలిచ్చారు, పాటలు పట్టుకునే యంత్రాలతో ఒక వ్యాను ఊరూరా తిప్పారు. పాటకి సర్కారు ఎరువెయ్యడమేమిటని దయ వేళాకోళం చేసింది గానీ మెర్ల్ నవ్వలేదు. నూరేళ్ళుగా మా పాటని ఎవరూ పాట అనలేదు, ఇప్పుడు మా సర్కారే అంటోంది అందావిడ.

ఆ వ్యానే చెరకు తోటలోకి వెళ్ళి మెర్ల్ నాయనమ్మ గొంతు పట్టుకుంది. మరికొన్నాళ్ళకే ముసలావిడ పోయింది. బోర్డు వాళ్ళకి ఆ పాట తెగ నచ్చింది. వాళ్ళ ఇనప డ్రమ్ముల వాయిద్యం జతచేసి పండగలో జనం గంతులేసే పాటగా చేద్దామనుకున్నారు. కాని అర్థం తెలియని పాట రికార్డుకి ఎక్కకూడదని బోర్డు నిబంధన. ఆ దీవిలో దాని అర్థం తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అలా ఆ క్యాసెట్టు అబుదాబి చేరింది.

నర్సుల హాస్టల్లో దయా, కూతురూ కూర్చుని విన్నారు. మాటలు అరిగిపోయి ఉన్నాయి. ఒక్కో చరణం తర్వాత ముసలావిడ చాలాసేపు ఊరుకుంటుంది, ఆ ఊరుకోవడంలో టేపు గరగర తప్ప ఏమీ ఉండదు. బోర్డు వాళ్ళు డ్రమ్ములు పెట్టదలచుకున్నది ఆ ఖాళీల్లోనే. దయకి తెలిసిందల్లా 'బంగారి పోనాదే' అన్న ముక్క. ఎవరో పిల్ల బంగారు నగ పోగొట్టుకుని ఏడుస్తోందని అర్థం చెప్పింది. మెర్ల్ తమ్ముడు ఉత్సాహపడి, ఆ భాష తెలిసిన ఆడపిల్ల పాడి పంపితే ఆ గొంతు కూడా రికార్డులో వేస్తామని రాశాడు. అప్పట్నుంచి బంగారి కాళ్ళు నేలమీద ఆనలేదు. పాటంతా కంఠతా పట్టి, క్యాసెట్టు ఇంటికి తెచ్చుకున్న మర్నాడే ఈ కాఫీ గ్లాసు పడింది.

ఆ మధ్యాహ్నం టేప్‌రికార్డరు కనబడలేదు. వెతగ్గా బాల్కనీలో బోర్లించిన బకెట్టు కింద దొరికింది. అలా ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. దయకి ఒళ్ళు మండింది. చదువుకున్న ఇల్లు, ప్రార్థనలు జరిగే ఇల్లు, ఇక్కడ ఈ చాదస్తమేమిటని గట్టిగానే అంది. దాన్ని ఆ యమ్మకి ఇచ్చీమని రాహేలమ్మ అదే మాట పదేపదే అంది. టేప్‌రికార్డరు ఆ బకెట్టు కిందే ఉండిపోయింది.

సాయంత్రానికి బంగారికి జ్వరం వచ్చింది.

మొదట దయ లెక్కచెయ్యలేదు, గాలి మారింది, వస్తాయి అనుకుంది. కాని జ్వరం మందులకి లొంగలేదు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే ఈ మంట ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకీ తెలీదు. పిల్ల కళ్ళు మూసుకునే ఆ రాగం తీసేది. రాహేలమ్మ మనవరాలి దిండు కింద బైబిలు పెట్టింది. అది చాలదేమోనని గుమ్మం దగ్గర ఉప్పూ ఎండుమిరపకాయలూ కూడా పోసింది. తిండి మానేసి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఎవరొస్తారని కాపలా అని దయ విసుక్కుంటే, ఎవులొస్తారో నాకూ తెల్దు అంది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం దయ నీళ్ళ గిన్నె పట్టుకుని తడిగుడ్డ మార్చడానికి వెళ్తోంది. బయట ఎండకి వీధిలో పిట్ట కూడా లేదు. గదుల్లో ఏసీలు రొద చేస్తున్నాయి. కాపలా కాసి కాసి అలసిన రాహేలమ్మ తన గదిలో మంచం మీద కునుకు తీస్తోంది. ఎదుటి గదిలో బంగారి మత్తుగా పడి ఉంది. దయ రెండు గదుల మధ్య నడవలో ఉండగా పిల్ల పాట ఎత్తుకుంది.

"ఇనపడతాందేటే..."

అక్కడ ఖాళీ. దయ ఆ ఖాళీకి అలవాటు పడిపోయింది. అడుగు వెయ్యబోయింది. అప్పుడు ఇవతలి గదిలోంచి, గాఢనిద్రలో ఉన్న ముసలావిడ గొంతు అదే రాగంలో పలికింది.

"ఇంటన్నానప్పా... తలుపుకాడే ఉన్నానప్పా..."

దయ చేతిలోంచి గిన్నె జారలేదు గాని నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి. ఎదుటి గదిలో పిల్ల మళ్ళీ అడిగింది. ఇవతల ముసలావిడ మళ్ళీ బదులిచ్చింది. దయ ఒక్కో తలుపూ ఓరగా తీసి చూసి మళ్ళీ వేసింది. పిల్ల కళ్ళు మూసే ఉన్నాయి. అత్తగారి కళ్ళూ మూసే ఉన్నాయి. ఒకరి మాట ఒకరికి వినపడే అవకాశం లేదు, రెండు తలుపులూ మూసి ఉన్నాయి, రెండు ఏసీలూ మోగుతున్నాయి. అయినా అడగడం ఆగిన చోట పలకడం మొదలవుతోంది. శవాల గదికి ఒంటరిగా వెళ్ళి వచ్చిన నర్సు దయ. ఆవిడకి ఆ మిట్టమధ్యాహ్నం సొంత ఇంట్లో భయం వేసింది.

అత్తగారిని కుదిపి లేపింది. నిద్రలో ఏం పాడారని అడిగింది. రాహేలమ్మ నానేటీ పాడనేదు అంది. దయ ఆ మాటలు అప్పజెప్పింది. ముసలావిడ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"అది మాయమ్మ పలుకు. నా నోటికెలగొచ్చినాది?"

"అత్తయ్యా, పిల్ల మంచం మీదుంది. నాకు దాపరికాలు వద్దు. ఆ పాటేమిటో చెప్పండి" అంది దయ.

అప్పుడు చెప్పింది. వాళ్ళ పల్లెలో మనిషి పోతే ఆడవాళ్ళు శోకం తీస్తారు. ఊరికే ఏడిస్తే శోకం కాదు, దానికి ఇద్దరుండాలి. ఒకర్తి పోయినవాళ్ళ పేరు పెట్టి అడుగుతుంది, రెండోది మెడ పట్టుకుని పలుకుతుంది. పలికేవాళ్ళు లేకుండా ఒంటరిగా శోకం తీయకూడదు. పలుకు దొరకని శోకం గుమ్మం గుమ్మం తిరిగి, ఆ పేరుగల మనిషి కనిపిస్తే వెంట తీసుకుపోతుందని వాళ్ళ నమ్మకం.

"నగ కాదే దయా, మనిషి. బంగారి పోనాదే అని గుంట దాని సావుకి అదే ఏడస్తంది. మన బంగారి పేరెట్టి."

మరి పలకండి, మీకు వచ్చు కదా అంది దయ. ఒకప్పుడు ఇలాంటి మాటలు విని నవ్విన మనిషి తానేనా అని కూడా ఆలోచించలేదు. రాహేలమ్మ బాప్తిస్మం రోజు పాదిరిగారికి ఇచ్చిన మాట చెప్పింది. ఇక శోకం తియ్యనని ఒట్టు వేసింది. భర్త పోయినప్పుడు కూడా నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది, సంఘమంతా ఎంత విశ్వాసమో అని మెచ్చుకుంది. ఇప్పుడెలా తప్పడం? దయకి కోపం ఆగలేదు. మీ ఒట్టు ముఖ్యమా, నా కూతురు ముఖ్యమా అని అడిగేసింది. ముసలావిడ దెబ్బ తిన్నట్టు చూసింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య అంత మాట ఎన్నడూ రాలేదు.

మెర్ల్ వచ్చింది అప్పుడే. పిల్లని చూడ్డానికి నారింజపళ్ళు పట్టుకొచ్చింది. దయ మొహం చూసి భయపడి, ఏమైందని అడిగింది. దయ ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పింది. వింటూ వింటూ మెర్ల్ కుర్చీలో కూలబడింది. మా అమ్మ నన్ను ఈ పాటతోనే నిద్రపుచ్చింది, నేను మా పిల్లల్ని దీంతోనే పెంచాను, చావు ఏడుపు పాడా మేమంతా పెరిగింది అని చేతుల్లో ముఖం దాచుకుంది.

రాహేలమ్మ ఆవిడనే చూస్తోంది. దాని ఇంటిపేరేటో అడగమంది. దయకి ఎందుకో అర్థం కాకపోయినా అడిగింది. ఇంటిపేరు అప్పల్‌సామీ. ఓడెక్కేటప్పుడు గుమాస్తా నాయనమ్మని తండ్రి పేరడిగి రాసుకున్నాడట, అదే అందరికీ ఇంటిపేరై కూర్చుంది. భీమిలి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి అప్పలసామి అన్న పేరు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రాహేలమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళింది. బకెట్టు తీసి టేప్‌రికార్డరు తానే ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టమంది.

టేపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఆవిడ విన్నది మనవరాలి నోట మారిన మాటలే. అసలు గొంతు వినడం ఇదే మొదలు. ఆ గొంతు రాహేలమ్మ గొంతులాగే ఉంది. ఆ జీర, మాట చివర ఆ విరుపు, అంతా.

"బంగారి పోనాదే... ఏడిసీవోలు నేరే...
నూకాలీ ఓ సెల్లీ... ఇనపడతాందేటే..."

మెర్ల్ వాళ్ళంతా 'నూగలి' అని పాడుకుంటూ వచ్చిన మాట అది. నూకాలమ్మ రాహేలమ్మ తల్లి పేరు.

"ఆపు" అంది ముసలావిడ. ఆ తర్వాత దయ చేత అడిగించింది, ఈ పాడిన మనిషి పేరేమిటని. బంగారి అంది మెర్ల్. నాయనమ్మ అని కాదు, పేరు చెప్పమంది. పేరూ అదే అనుకుంటా, ముందు ఆవిడ పేరు, తర్వాత మేమంతా ఆ మాటకి అర్థం నాయనమ్మ అనుకున్నాం అని మెర్ల్ తడబడుతూ చెప్పింది.

నూకాలమ్మకి ఒక అక్క ఉండేది, పలుకులో 'అప్పా' అని పిలిచేది ఆవిడనే. బంగారమ్మ. తల్లి చచ్చిపోయినప్పుడు చిన్నపిల్లలిద్దరూ మెడలు పట్టుకుని శోకం తీశారట. పెద్దయ్యాక ఇంట్లో మాటపడి బంగారమ్మ కూలీల ఓడెక్కింది. ఓడంటే ఆ పక్క ఊళ్ళన్నిటికీ రంగమే, అంటే రంగూనే. మరో దేశానికి ఓడ పోతుందని ఎవరికీ తట్టలేదు. రంగం వెళ్ళొచ్చిన ప్రతివాడినీ అడిగారు. యుద్ధంలో బర్మా నుంచి కాలినడకన వచ్చినవాళ్ళని గుమ్మంలో కూర్చోబెట్టి గంజి పోసి మరీ అడిగారు. ఎవరూ చూడలేదన్నారు. తండ్రి అప్పలసామి మాత్రం దానికి శోకం తియ్యనివ్వలేదు. శోకం తీస్తే బతికున్నది కూడా చస్తుందన్నాడు. అందుకే నూకాలమ్మ అడగలేదు. సందె వేళ వాకిట్లో కూర్చుని పలికేది మాత్రం.

"ఎవులికి పలుకుతున్నావే అమ్మా అంటే నా ఈపు మీద ఒకటిచ్చీది" అంది రాహేలమ్మ. "సచ్చిపోతా నా మనవరాలికి ఆ పేరెట్టమన్నాది. పెట్టినాను. రంగం రంగం అని దేవులాడినామే. ఇదేమో అక్కడ కూకుని దానికదే ఏడిసినాది. ఏడిసీవోలు నేక, దానికదే."

మెర్ల్‌కి దయ చెప్పలేకపోయింది. రెండు మాటలు ఇంగ్లీషులో అని ఆగిపోయింది. చెప్పక్కర్లేకపోయింది కూడా. రాహేలమ్మ లేచి మెర్ల్ పక్కన కూర్చుంది. టేపు మళ్ళీ పెట్టమని సైగ చేసింది. టేపులో ముసలావిడ అడిగింది. గరగర మొదలైంది. రాహేలమ్మ మెర్ల్ మెడ చుట్టూ చెయ్యేసి, తల ఆవిడ భుజానికి ఆన్చి, నోరారా పలికింది.

"ఇంటన్నానప్పా... తలుపుకాడే ఉన్నానప్పా... గెంజుంచినానప్పా, తొవ్వ సూసినానప్పా..."

చనిపోయిన మనిషి అడుగుతోంది, బతికున్న మనిషి పలుకుతోంది. ఎక్కడా ఒకరి మీద ఒకరు పడలేదు. ఎవరో ఆ ఖాళీలు రాహేలమ్మ ఊపిరికి సరిపడా కొలిచి వదిలినట్టున్నాయి. పై అంతస్తులో నడిచే అడుగులు ఆగాయి. ఏసీ రొద కూడా దయ చెవికి ఆనలేదు. కొంతసేపటికి రాహేలమ్మ పలుకులో తల్లి పేరు వచ్చింది, ఆ తర్వాత ఏ పాదిరికీ భయపడకుండా భర్త పేరు వచ్చింది. మెర్ల్‌కి మాట అర్థం కాకపోయినా వెక్కి వెక్కి ఏడ్చింది. టేపు అయిపోయి టక్కున ఆగింది.

లోపలి గదిలోంచి బంగారి నీళ్ళడిగింది. దయ పరుగెత్తింది. పిల్ల ఒళ్ళంతా చెమట పట్టి జుట్టు తడిసిపోయి ఉంది. నుదురు చల్లగా ఉంది. ఇన్నాళ్ళకి జ్వరం ఎలాగూ దిగవలసిందే అని దయలోని నర్సు అనుకుంది. ఆ సంగతి పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

అందరూ ముఖాలు కడుక్కున్నాక రాహేలమ్మ వరసలు లెక్కగట్టింది. బంగారమ్మ కొడుకు తనకి అన్న, కాబట్టి మెర్ల్ తనకి మేనకోడలు. అంటే జకరయ్యకి మరదలు. బౌలర్ల కబుర్లడిగేవాడు ఇక సరసాలాడతాడని దయ అంటే మెర్ల్‌కి మూడుసార్లు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత మెర్ల్ బెరుగ్గా, ఇక దీన్ని గంతుల పాట చెయ్యొద్దని తమ్ముడికి రాస్తాను, ఆ డ్రమ్ములూ వద్దు, రికార్డూ వద్దు అంది. దయ ఆ మాట అత్తగారికి చెప్పింది. ముసలావిడ కస్సుమంది.

"డప్పు ఎందుకొద్దు? నిండు వయసుల పోయిన ముసల్దాన్ని డప్పు నేకుండా సాగనంపుతారేటి, అనాథ పీనుగనా? ముందు శోకం పెట్టమను, నా పలుకు పెట్టమను. ఆ ఎనక ఆ సర్కారోలు డప్పు కొట్టమను. ఊరంతా గెంతమను."

గుంట మాత్రం శోకం పాడకూడదు, డప్పు దగ్గర కావాలంటే పాడుకోమని తీర్పు చెప్పింది. మెర్ల్ నవ్వుతూ ఏడుస్తూ తలూపింది. చీకటి పడకముందే హాస్టలు చేరాలని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి ముసలావిడ పాదాలకి దణ్ణం పెట్టింది. అది ఆవిడకి ఎవరు నేర్పారో.

తలుపు వేసి వచ్చి దయ అత్తగారి ముందు నిలబడింది. మధ్యాహ్నం అన్న మాట ఆవిడని వదల్లేదు. తప్పయిపోయింది అత్తయ్యా, అనకూడని మాట అన్నాను అంది. రాహేలమ్మ ఆ మాట పట్టించుకోలేదు. కోడల్ని కిందికీ మీదికీ చూసింది.

"మీయమ్మ పోనప్పుడు నువ్వు ఏడిసినావేటే?"

దయ బిత్తరపోయింది. రెండేళ్ళ కిందట టెలిగ్రాం వచ్చింది. వార్డులో మనుషులు తక్కువున్నారని పై అధికారి ముదీర్ సెలవివ్వలేదు. అయినా వెళ్ళేసరికి మట్టి చేసేసి ఉంటారు. టెలిగ్రాం జేబులో పెట్టుకుని దయ ఆవేళ కూడా సూదులు వేసింది, పక్కలు మార్చింది. తోటి నర్సులు టీ ఇచ్చారు. ఇంటికొచ్చి వంట చేసింది. అప్పుడు లేదు అత్తయ్యా, తీరిక లేకపోయింది అని ఇప్పుడు అంటుంటే ఆ మాట ఎంత ఘోరంగా ఉందో దయకి మొదటిసారి వినబడింది.

రాహేలమ్మ చాప మీద చోటు చేసింది. రెండు చేతులూ చాచింది.

"రా. ఇలగ కూకో. నా మెడ పట్టుకో. నువ్వడుగు, నాను పలుకుతాను."

అడగడమెలాగో దయకి రాదు. రాగం రాదు, మాటలు రావు. అత్తగారి మెడ పట్టుకుని కూర్చుని, చివరికి వచ్చిన ఒక్క మాటే అంది.

"అమ్మా..."

"ఇంటన్నానే" అంది రాహేలమ్మ.